పడవలు నడచిన బాట

గోదావరి యన్నంతనే మనకు పుష్కరస్నానములును, కార్తికదీపములును, పచ్చని వరిచేలును తలపునకు వచ్చును. ఆ నది యొక గొప్ప బాట యనియు, దానిమీదను దాని కాలువలమీదను మన పెద్దలనాడు బియ్యము, ఉప్పు, కలప, బెల్లము రేయింబవళ్లు ప్రయాణము చేసెడివనియు మనలో నెందఱికి జ్ఞప్తి యున్నది? మేమును మొన్నమొన్నటివఱకు దానిని గూర్చి తలపోసినవారము కాము. గడచిన కార్తికమాసమున మా అత్తగారి వెంట రెండు దినములు ఏటిగట్టునను కాలువగట్టునను తిరిగి, కన్నవియు విన్నవియు నిందు వ్రాయుచున్నాము.

మా అత్తగారి పుట్టినిల్లు నిడదవోలు చేరువను, ఏలూరు కాలువ గట్టుననున్న యొక చిన్న పల్లె. ఆమె తండ్రిగారికి సరకులు మోయు పడవ యొకటి యుండెడిది. ఇల్లంతయు దానిమీదనే బ్రతికెడిది. 1964లో ఆమెకు పదునేడవ యేట వివాహము జరిగెను. ఆ పెండ్లి ఖర్చులకై తండ్రిగారు పడవ నమ్మివేసిరని యూరివారు చెప్పుకొనిరి. ఆమెయు నట్లే నమ్మెను. తమ్ముడు చదువు మాని యొక లారీ ఆఫీసున గుమాస్తాగా కుదురుకొనెను. నాటినుండి మా అత్తగారు పుట్టింటికి బోయినను కాలువవైపు పోయెడివారు కారు. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో కారణ మడుగగా, “మా తమ్ముడి నోటి ముందు కూడు నా మెడలో పుస్తెలయింది, అమ్మాయీ. ఆ నీళ్లవైపు ఏ మొహం పెట్టుకుని చూడను?” అని యొక్కమాట చెప్పి యూరకుండిరి.

అట్టివారు ఈయేడు తమంత తామే, “ఒక్కసారి ఆ లాకులు చూడాలని ఉంది” అనిరి. మావారు బడిపంతులు, వారికి రెండవ శనివారమును ఆదివారమును కలిసివచ్చినవి. ఒక కారు మాటాడుకొని, పులిహోర మూటగట్టుకొని బయలుదేరితిమి.

తెల్లవారుజామున రాజమహేంద్రవరమున పుష్కరాలరేవున స్నానము చేసితిమి. తలయెత్తి చూడగా వరుసగా వంతెనలు కనుపించినవి. 1900లో తెరవబడి 1997లో రైళ్లు మాన్పబడిన హేవలాకు వంతెన యొకటి. 1974లో వచ్చిన రైలు రోడ్డు వంతెన యొకటి. 1997లో వచ్చిన కమానుల వంతెన మఱియొకటి. మీద రైళ్లును లారీలును గడగడ పోవుచుండెను. క్రింద నదిలో చేపల నావలును, ఇసుక పడవలును, యాత్రికుల లాంచీలును దప్ప, సంతకో మిల్లుకో సరకు గొనిపోవు పడవ యొక్కటియు గానరాలేదు.

“మా చిన్నప్పుడు ఈ రేవులో తెప్పలు దిగేవి” అని మా అత్తగారు మొదలుపెట్టిరి. పాపికొండల యెగువనుండి టేకు దూలములను వెదుళ్లను తెప్పలుగా గట్టి యేటికి వదలెడివారట. వెదురు తనంత తేలును. బరువైన దూలములకు వెదుళ్లు జతచేసి తేల్చెడివారు. తెప్ప నడుమ తాటాకుల పందిరి. అందే వంట, అందే నిద్ర. దిగువకు వచ్చుటకు ఏటివాలే వారికి ఎడ్లజోడు. దానికి మేతయు లేదు, కూలియు లేదు. అడవి చింతపండు, కుంకుడుకాయలు పడవలలో దిగెడివి. ఉప్పు, బియ్యము, బట్టలు, కిరసనాయిలు ఎగువకు పోయెడివి. ఎగువకు పోవుటే కష్టము. గాలి యనుకూలించిన తెరచాప యెత్తుదురు. లేనిచో గెడలు వేయవలెను. అదియు సాగనిచో ఒడ్డున దిగి తాడు భుజమునకు తగిలించుకొని మనుష్యులే లాగవలెను. ఆ దారిని భద్రాచల రాముని జూడబోవువారును పడవలమీదను లాంచీలమీదను పోయెడివారే.

ఈ మాటలు వినుచుండగా మాకు బాల్యమున మా తాతగారియొద్ద చదివిన యర్థశాస్త్రము జ్ఞప్తికి వచ్చెను. అందు కౌటిల్యుడు నావధ్యక్షుడను నుద్యోగిని గూర్చి వ్రాసి, రేవులందును ఏటిదాటులందును వసూలు చేయవలసిన సుంకములను వివరించెను. వేఱొకచోట నీటిబాట మేలా, నేలబాట మేలా యని చర్చించెను. నీటిబాటకు ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ, పోవు సరకు మిక్కుటము, కావున నదియే మేలని పూర్వాచార్యులు చెప్పిరట. కౌటిల్యుడు దాని కొప్పుకొనలేదు. నీటిబాట ఇష్టమైన దిక్కునకు పోనీయదు. అన్ని కాలములందు పనికిరాదు. అపాయము వచ్చినయెడల తప్పించుకొనుట కష్టము. ఇది యాయన వాదము. ఐనను నీటిబాటలలో ఏటిబాట మంచిదనియు, అది యెడతెగక సాగుననియు, దాని యపాయములు తట్టుకొనదగినవనియు జెప్పెను. చదివిననాడు ఇది పండితుల తగవని తలచితిమి. ఆ తగవు ఒక యింటి యన్నముకుండ దనుక వచ్చునని యానాడు తోచలేదు.

అటనుండి ధవళేశ్వరము పోయితిమి. ఇచ్చటి యానకట్టను గూర్చి మన పిల్లలు పాఠములలో చదువుచునే యున్నారు. అంతకుముందు గోదావరి నిండుగా సముద్రమునకు పోవుచుండగా, దాని చెంతనే ప్రజలు కరవుతో మలమల మాడిరి. 1833 నాటి కరవును, 1839లో కోరంగి నూడ్చివైచిన తుపానును ఈ సీమను పాడుచేసినవి. పిదప ఆర్థరు కాటను దొర 1847లో పని యారంభించి 1852 నాటికి ఆనకట్ట ముగించెను. ఇప్పుడు మనకు గానవచ్చునది యా పాత కట్టడము కాదు. 1970 తరువాత కట్టిన బ్యారేజీ. దానికి ఆ దొర పేరే పెట్టిరి. ఇచ్చటి ప్రదర్శనశాలలో నాటి పనిముట్లును, ఆనకట్ట నమూనాలును చూచితిమి.

మనము కాటను దొరను పొలములకు నీరిచ్చినవాడనియే కొలుచుచున్నాము. ఆయన మనస్సున మఱియొక తలపును అంత బలముగానే యుండెను. కాలువ పొలమును తడుపుటయే గాక సరకును మోయవలెను. రైలుబాట కంటె నీటిబాట చవుక యని ఆయన తుదిదనుక వాదించెను. అందుచేతనే ఆనకట్టనుండి బయలుదేరు పెద్దకాలువలకు పడవలు పోవుటకు తగిన వెడల్పును, దారిపొడుగున లాకులును ఏర్పఱచిరి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరమునను, నడిమి డెల్టాకు బొబ్బర్లంకయందును, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరమునను ఈ కాలువల మొదళ్లున్నవి.

లాకు అనగా నేమో మా అత్తగారు మాకు గట్టున నిలిచి చెప్పిరి. కాలువనీరు ఒకచోట ఎత్తునను, ఆవల పల్లమునను ఉండును. పడవ దుమికి దిగలేదు, ప్రాకి యెక్కలేదు. కావున ఆ రెంటి నడుమ రాతిగోడలతో పొడవైన తొట్టి కట్టి, రెండువైపుల తలుపులు పెట్టుదురు. పల్లమునుండి వచ్చిన పడవ తొట్టిలోనికి రాగానే వెనుక తలుపు మూయుదురు. ముందరి తలుపు తూములనుండి మెల్లగా నీరు విడుతురు. తొట్టిలో నీరు పోసినకొలది అందున్న చెంబు పైకి తేలినట్లే పడవయు దాని బరువుతో గూడ పైకి లేచును. రెండువైపుల నీరు సమమైన తోడనే ముందరి తలుపు తెఱచుకొనును. “నూరు బస్తాలున్నా వెయ్యి బస్తాలున్నా నీళ్లే ఎత్తుతాయి. లస్కర్లు తలుపులు తిప్పితే చాలు” అనిరి. దిగవలసిన పడవకు ఇదియే పని తలక్రిందుగా జరుగును. ఇంత సులువైన యుక్తికి మేము ముక్కున వ్రేలిడుకొంటిమి.

కాటను తలపు ఇంతటితో నాగలేదు. గోదావరి యెగువదారిని బాగుచేసి, వార్ధా ప్రాంతపు ప్రత్తిని నదిమీదుగా సముద్రతీరమునకు దింపవలెనని యోచించెను. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధముచే ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవైనపుడు ఈ యోచనకు బలము వచ్చెను. ఏటికి అడ్డముగా రాతిచఱియలు మూడుచోట్ల పడవలను ఆపుచుండెను. వానిలో మొదటిదైన దుమ్ముగూడెమువద్ద హేగు అను నింజనీరు ఆనకట్టయు కాలువయు నిర్మించెను. కాని యుద్ధము ముగిసెను; ఖర్చు పెరిగెను; 1871లో ఆ ప్రయత్నము మానివైచిరి. ఒక దేశపు యుద్ధము మఱియొక దేశపు ఏటిదారిని తెఱచుటయు మూయుటయు చిత్రముగా లేదా?

బ్యారేజీమీదుగా విజ్జేశ్వరము చేరి, ఏలూరు కాలువ గట్టు పట్టితిమి. ఈ కాలువను చూచి సామాన్యమైనదని తలపరాదు. ఇది గోదావరిని కృష్ణతో కలుపు దారి. విజ్జేశ్వరమునుండి విజయవాడకు దీని పొడవు 139 కిలోమీటర్లు. ఏలూరు పల్లమున నుండుటచే ఇటునుండి గోదావరి నీరును, అటునుండి కృష్ణ నీరును అచ్చటికే దిగును. కావున ఇచ్చటి పడవ ఏలూరు దనుక వాలున దిగి, ఆవల విజయవాడకు ఎదురెక్కవలెను. అచ్చట కృష్ణను దాటి, 113 కిలోమీటర్ల కొమ్మమూరు కాలువను బట్టి పెదగంజాము చేరిన, అచ్చట బకింగుహాము కాలువ యెదురగును. దానిమీద 316 కిలోమీటర్లు పోయిన చెన్నపట్టణమే.

ఆ బకింగుహాము కాలువ కథయు వినదగినది. 1806లో కాక్రేను అను వర్తకుడు చెన్నపట్టణమునుండి యుత్తరముగా తొలిభాగమును త్రవ్వించెను. తరువాత అది కొంచెము కొంచెముగా పెరిగెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున ఆకలిగొన్నవారికి కూలి యిచ్చి దానిలో కొంతభాగము త్రవ్వించి, నాటి గవర్నరైన బకింగుహాము ప్రభువు పేరు పెట్టిరి. పేరు ప్రభువుది, మట్టితట్టలు మోసినవారు డొక్కలెండిన స్త్రీపురుషులు. ఆ దారిని వంటచెఱకు, ఉప్పు, చేపలు, ధాన్యము చెన్నపట్టణమునకు చేరి, పొయ్యిలు వెలిగించి కంచములు నింపినవి.

కారు మెల్లగా గట్టువెంట పోవుచుండెను. మా అత్తగారు కిటికీ నుండి చూపు మరల్చలేదు. వారి నోట పడవ బ్రతుకు ఒక్కొక్కటిగా వెలువడెను. పడవ యనగా వారి తండ్రికి రెండవ యిల్లు. వెనుకభాగమున మట్టిపొయ్యి, నీళ్లకుండ, ఉప్పు పులుసుల జాడీలు; నడుమ తాటాకు కప్పు క్రింద బస్తాలు. సరంగు చుక్కాని పట్టును. కళాసీలు గట్టున తాడు లాగుదురు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినపుడు పడవను ఒడ్డున కెక్కించి, సందులు పూడ్చి, తారు పూయుదురు. ఆ నెలలలో రాబడి లేదు; ఇంట బియ్యము కొలిచి వండవలెను. కాలువకు నీరు వదలిన దినమున పసుపు కుంకుమలతో పడవకు పూజ చేసి, బెల్లపు పొంగలి పంచెడివారట. “మా అమ్మ చీకట్లో కూడా చెప్పేది, తాడు లాగేవాళ్ల పాట వినగానే ఏ పడవో, ఎక్కువ బరువుందో తక్కువ ఉందో” అని వారు నవ్విరి. పదియేండ్ల వయస్సున బియ్యపు బస్తాలమీద పరుండి, చుక్కలు లెక్కించుచు ఏలూరు పోయిన రాత్రిని చెప్పునపుడు మాత్రము వారి గొంతు పట్టుకొనెను.

నిడదవోలు దాటిన పిదప వారి పల్లె లాకు వచ్చెను. అచ్చట మా మామయ్యగారు, అనగా అత్తగారి తమ్ముడు, చేతికఱ్ఱతో మాకై వేచియుండిరి. లాకు తొట్టిలో గుఱ్ఱపుడెక్క దట్టముగా నల్లుకొని యుండెను. తలుపులు ఎన్నడో కదలుట మానినవి. కొంచెము దిగువను నీటికి మిక్కిలి చేరువగా ఒక వంతెన కట్టియున్నది. దాని క్రింద ఇప్పుడు ఖాళీపడవయైనను దూరలేదు. మా అత్తగారు రాతిగోడ యంచున కూర్చుండిరి. ఆ యంచురాయి యందు వ్రేలు పట్టునంత లోతున గాడులు పడియున్నవి. ఎన్ని యేండ్లు ఎన్ని తాళ్లు ఒరసికొనినవో! వారు ఒక గాడిలో వ్రేలుంచి, చాలసే పూరకుండి, తమ్మునివైపు చూడకయే యిట్లనిరి:

“నా పెళ్లి లేకపోతే పడవ నీకు మిగిలేది, తమ్ముడూ.”

మామయ్యగారు నివ్వెఱపోయి చూచిరి.

“అక్కయ్యా! నీ పెళ్లికి పడవ అమ్మారని ఇంకా అనుకుంటున్నావా? అంతకు ముందు రెండేళ్లుగా బేరాలే లేవు. మిల్లువాళ్లు లారీలు పెట్టారు. మనకి రెండు రోజులు పట్టే సరుకు వాళ్లు ఒక్క పూటలో చేర్చేవారు. మిల్లు గుమ్మంలో ఎత్తి కొట్టు గుమ్మంలో దింపేవారు. మన పడవ రేవులో కట్టేసి ఉండి, తారుకి డబ్బుల్లేక అడుగు నానిపోయింది. కొన్నవాడు కలప కోసం కొన్నాడు. వచ్చింది నీ పెళ్లి భోజనాలకి కూడా చాలలేదు.”

“మరి నాన్న అందరితో అలా ఎందుకు చెప్పారురా?”

“బేరం లేక పడవ విరగ్గొట్టుకున్నాడు అనిపించుకోవటం కంటే, కూతురి పెళ్లికి అమ్ముకున్నాడు అనిపించుకోవటం ఆయనకి మర్యాదగా తోచింది. నాకు ఆయన పోయే ముందు చెప్పారు. నీకు తెలుసనే అనుకున్నాను. ఇక నా చదువంటావా, లెక్కల్లో రెండుసార్లు తప్పాను. పడవ ఉన్నా తప్పేవాణ్ణే.”

మా అత్తగారు “అరవై ఏళ్లు!” అని మాత్రమే యనిరి. తరువాత కొంగుతో కన్నులొత్తుకొని, “పులిహోర తీయమ్మాయీ, వాడికి ఆకలేస్తూంటుంది” అనిరి. ఆ లాకు గట్టుననే యందఱము కూర్చుండి భుజించితిమి. అక్కాతమ్ము లొకరి విస్తరిలోనిది మఱియొకరికి వడ్డించుకొనుచుండగా మావారును మేమును మాటలాడక చూచుచుంటిమి.

తిరుగుదారిని మేము కౌటిల్యుని వాదమును మరల తలపోసితిమి. పడవ వర్తకమును చంపినది ఒక యింటి పెండ్లి కాదు. ఒకనాటి పొరపాటును కాదు. మొదట రైలుబండి దూరపు సరకును తీసికొనెను. గోదావరిమీద వంతెన పడిన తరువాత చెన్నపట్టణమునకును కలకత్తాకును బరువులు దానిమీదనే పోసాగెను. దగ్గఱ సరకు కొన్నాళ్లు పడవకు మిగిలెను. దానిని లారీ తీసికొనెను. కాలువ యింటింటికి పోలేదు; వేసవిలో కట్టివేయుదురు; రేవున దింపి బండి కెక్కించి మరల దింపవలెను. ఆయన చెప్పిన లోపము లన్నియు నిజమే. కాని పూర్వాచార్యులు చెప్పిన గుణమును నిజమే: బరువైనదియు, తొందర లేనిదియు నగు సరకునకు నీటికి మించిన చవుక బండి లేదు. లారీ మ్రింగు నూనెను, రహదారుల రద్దీని, పొగను చూచుచున్న మనకు ఆ గుణము మరల విలువ కట్టవలసిన దినము వచ్చినది.

ప్రభుత్వమువారును దీనిని గుర్తింపకపోలేదు. 2008లో కాకినాడ మొదలు పుదుచ్చేరి దనుకగల ఈ కాలువలను, భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువఱకు గోదావరిని, వజీరాబాదునుండి విజయవాడవఱకు కృష్ణను కలిపి, నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. నాటి ప్రకటనలో దాని మొత్తము పొడవు 1,078 కిలోమీటర్లు. కాగితముమీద బాట మరల పుట్టినది. కాని మేము చూచిన కాలువలో పూడిక తీయవలెను, గుఱ్ఱపుడెక్క తొలగింపవలెను, లాకుల తలుపులు బాగుచేయవలెను, పల్లపు వంతెనల నెత్తు పెంచవలెను, అన్నిటికంటె ముందు పొలమునకు వలయు నీటికి లోటు రాకుండ చూడవలెను. ఇవి సులభములు కావు. ఐనను కాలువలో చెత్త పోయకుండుట మన చేతిలోనిదే గదా! గట్టుపై నివసించు ఇల్లాండ్రు తలచినయెడల ఆ యొక్క పని రేపటినుండియే మానవచ్చును.

మఱియొక మనవి కలదు. మన యిండ్లలో పెద్దలు మోయుచున్న దుఃఖములలో కొన్ని, కాలము మారుటచే గలిగిన నష్టములే గాని ఎవరి తప్పులును గావు. వర్తకము చెడినపుడు పురుషులు దానిని గౌరవమను తెర చాటున దాచుదురు. స్త్రీలు దానిని తమ తప్పుగా మెడకు తగిలించుకొందురు. ఒక్కమాట యడిగిన, ఒక్కమాట చెప్పిన, అరువదియేండ్ల బరువు దిగిపోవును. కావున మీ యత్తగారినో, అమ్మమ్మగారినో కూర్చుండబెట్టి, ఆనాడు ఇల్లెట్లు గడిచెను, సరకెట్లు వచ్చెను, ఏ పని యేల మానవలసివచ్చెను అని యడుగుడు.

ఇంటికి వచ్చిన మఱునాడు మా అత్తగారు తమ పెట్టె యడుగునుండి ఒక యిత్తడి చెంబు తీసి తోమి, నీళ్లగది గూటిలో పెట్టిరి. అది పడవలోని చెంబట. ఇన్నియేండ్లుగా అది యింటనున్నట్లే మేమెఱుగము. ఇప్పుడు వారు ప్రతిదినము దానితోనే మంచినీళ్లు త్రాగుచున్నారు.